కరిదొడ్డి ఓబులేసు ఆకాశమార్గం

మన సీమకు ఆసుపత్రులు అక్కర్లేదు! ఈ మాట నేను తొందరపడి అనడం లేదు, బాగా ఆలోచించే అంటున్నాను. డాక్టర్లు అక్కర్లేదు, నర్సులు అక్కర్లేదు, తలలో ఏముందో ఫొటో తీసి చూపించే ఆ గుండ్రటి మిషన్లు అసలే అక్కర్లేదు. మనకు కావలసింది ఎయిర్ అంబులెన్స్ ఒక్కటే.

నవ్వకండి. మామూలు అంబులెన్స్ ఏం చేస్తుందో ఒక్కసారి ఆలోచించండి. కుయ్ కుయ్‌మంటూ వస్తుంది, మనిషిని ఎక్కించుకుంటుంది, పోతుంది. ఇందులో గౌరవం ఎక్కడుంది? కూలివాడినీ అందులోనే పడుకోబెడతారు, మిల్లు ఓనరునూ అందులోనే పడుకోబెడతారు. రోగం వచ్చినంత మాత్రాన మనిషి అంతస్తు దిగిపోవాలా?

అదే హెలికాప్టర్ అయితే! ఊరు ఊరంతా తలెత్తి చూస్తుంది. ఫలానావారి నాయనకు జబ్బు చేసిందని చుట్టుపక్కల మండలాలన్నిటికీ తెలుస్తుంది. రోగి బతికాడా లేదా అన్నది తర్వాతి సంగతి. బతకడం ఎవరైనా చేసే పనే కదా!

నమ్మకం కుదరనివాళ్ళు ఆలూరు దాటి మా కరిదొడ్డికి రండి. ఓబులేసు సంగతి ఎవరినడిగినా చెబుతారు. వాళ్ళు వంకరగా చెబుతారేమోనని నేనే సవ్యంగా చెబుతున్నాను.

ఓబులేసు వానను నమ్ముకున్న చేలను కౌలుకిచ్చేసి, పత్తి మిల్లు పెట్టి పైకొచ్చిన మనిషి. ఊళ్ళో ఎవరికి తగవొచ్చినా ఆయన గొంతుతోనే తెగేది. ఆ గొంతు మిల్లులో లేస్తే రోడ్డవతల సర్కారు ఆసుపత్రిలో పసిబిడ్డలు ఉలిక్కిపడేవారు. అవును, మిల్లుకు సరిగ్గా ఎదురుగానే ఆసుపత్రి. మధ్యలో ఉన్నది రోడ్డు వెడల్పు మాత్రమే.

ఒక శుక్రవారం పొద్దున ఆయన ఫోన్లో లారీవాడిని తిడుతున్నాడు. మంచి ఊపులో ఉండగా నాలుక మడత పడింది. కుడిచేతిలోంచి ఫోను జారి కింద పడింది. వంగి తీసుకోబోతే చెయ్యి మాట వినలేదు. డ్రైవరు అయ్యన్న పరుగెత్తుకొచ్చి పడిపోకుండా పట్టుకున్నాడు. ఇద్దరు హమాలీలు సాయం పట్టి రోడ్డు దాటించారు. లారీవాడు ఫోన్లో ఇంకా సంజాయిషీ చెప్పుకుంటూనే ఉన్నాడు, ఓబులేసు అప్పటికే ఆసుపత్రి బల్ల మీద పడుకుని ఉన్నాడు. అంత త్వరగా ఏ మహానగరంలో ఏ కోటీశ్వరుడు చేరగలడు చెప్పండి?

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ కృపమణి ఆయన కళ్ళలోకి టార్చి వేసి చూసింది. చేతులెత్తమంది. ఎడమది లేచింది, కుడిది లేవలేదు. అప్పుడే వచ్చిన ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మతో, కొడుకు రాఘవేంద్రప్రసాద్‌తో ఉన్నదున్నట్టు చెప్పింది.

"పక్షవాతం అన్నా. తలలో గడ్డ అడ్డం పడినట్లుండాది. స్కానింగ్ తీసి చూసి, గడ్డ కరిగే సూది ఎయ్యల్ల. మొదలైనప్పట్నుంచి నాలుగున్నర గంటల్లోపల పడల్ల ఆ సూది. మన తాన స్కానింగ్ లేదు. నూటెనిమిది బండి వాకిట్లోనే ఉండాది. ఇప్పుడే బయల్దేరితే కర్నూలుకు పోయినాక కూడా టైము మిగుల్తాది. మాటా వస్తాది, చెయ్యీ వస్తాది."

ఓబులేసు అంతా విన్నాడు. ఒళ్ళు సగం చచ్చినా చెవులు మాత్రం భేషుగ్గా పనిచేస్తున్నాయి. ఆ రోజంతటికీ ఆయనకు పట్టిన అసలు దురదృష్టం అదే. 'సరే, ఎక్కించండి' అనబోయాడు. నోట్లోంచి గుడగుడమని ఏదో శబ్దం వచ్చింది. ఊరి తగవులు తీర్చిన గొంతు అది. దాన్ని విని ఆయనకే భయం వేసింది.

రాఘవేంద్రప్రసాద్ బయటకు వెళ్ళి ఆ బండిని ముందునుంచి చూశాడు, వెనకనుంచి చూశాడు. లోపల సీటు రెక్సిన్ చిరిగి ఉంది.

"మొన్న మన మూటలు మోసే లాజరును తీస్కపోయింది ఈ బండ్లోనే కదా?" అన్నాడు.

"ఔనన్నా. బాగై వచ్చినాడు కూడా," అన్నాడు అయ్యన్న.

"లాజరును తీస్కపోయిన బండ్లో మా నాయన్నా? ఊరేమనుకుంటాది? కంబన్న చిన్నాయన కూతురు పెండ్లికి హెలికాప్టర్ తెప్పిచ్చి పూలు చల్లిచ్చె. మా నాయన పాణం కోసం మేం తెప్పియ్యలేమా?"

కంబన్న ఓబులేసుకు దాయాది. ఆ పెళ్ళినాడు ఆకాశంలోంచి బంతిపూలు రాలుతుంటే ఓబులేసు విస్తరి ముందునుంచి లేచి ఇంటికొచ్చేశాడు. మన గడపలోకీ ఒకరోజు వస్తుంది చూస్తూ ఉండమని కొడుకుతో అన్నదీ ఆయనే. ఆ ఒకరోజు ఇదేనని, ఇలా వస్తుందని ఆయన అనుకోలేదు. కొడుకు మాత్రం తండ్రి మాటను కాలదన్నే రకం కాదు. ఇలాంటి పితృభక్తిని చూసి కూడా మీరు విమర్శిస్తారా?

కొడుకు ఫోన్లో ఒకే ఒక్క హెలికాప్టర్ నంబరు ఉంది. కంబన్న ఇంటి పెళ్ళిలో అడిగి తీసుకున్నది. కర్నూల్లో పెళ్ళిళ్ళకు, ఊరేగింపులకు ఏర్పాట్లు చేసే సుధీర్‌ది.

"అన్నా, మన తాన అన్నీ ఉండాయి," అన్నాడు సుధీర్. "పెండ్లికైతే పెండ్లికి, పేషెంటుకైతే పేషెంటుకి. బెంగళూరుకే కదా? గంటలో మీ ఊళ్ళో దిగుతాది. జాగా చూపియ్యండి, అంతే."

లోపల పడుకునే వీలుందా, ఆక్సిజన్ ఉందా, డాక్టర్ వస్తాడా అని కృపమణి అడగమంది. అంత పెద్దమనిషిని అలాంటి చిల్లర ప్రశ్నలు అడగడం మర్యాద కాదని రాఘవేంద్రప్రసాద్ ఫోను పెట్టేశాడు. నూటెనిమిది బండిని పంపించేశారు. అది ఎవరో గర్భిణి కోసం పక్క ఊరికి వెళ్ళిపోయింది.

ఇక చూడండి ఊరి ఐకమత్యం! ఆసుపత్రికి స్కానింగ్ కావాలంటే సంవత్సరాల తరబడి పలకని ఆఫీసులు, హెలికాప్టర్ దిగుతుందనగానే ఫోన్లోనే సరే అన్నాయి. హైస్కూలు గ్రౌండుకు పరుగెత్తారు. బడికి సెలవిచ్చారు. నేలమీద దుమ్ము లేవకూడదన్నారని, ఎస్సీ కాలనీకి వెళ్తున్న తాగునీటి ట్యాంకరును మళ్ళించి గ్రౌండంతా తడిపారు. బిందెలు పట్టుకుని ట్యాంకరు వెనకే వచ్చిన ఆడవాళ్ళు కూడా అక్కడే నిలబడిపోయారు. సున్నంతో పెద్ద వలయం గీసి, మధ్యలో ఇంగ్లీషు హెచ్ రాశారు. ఎవరో అలవాటు కొద్దీ దాని చుట్టూ నాలుగు చుక్కలు పెట్టి ముగ్గు కూడా వేశారు.

ఓబులేసును సొంత బొలెరోలో వెనక సీట్లు మడిచి, పరుపు వేసి పడుకోబెట్టి గ్రౌండు పక్కన పెట్టారు. రాజ్యలక్ష్మమ్మ తల దగ్గర కూర్చుంది. ఆమెకు ఆకాశం మీద పెద్ద నమ్మకం లేదు.

"రేయ్ రాఘవా, ఇదే బండ్లో కర్నూలుకు పోదాం రా. ఆ డాక్టరమ్మ అంత గట్టిగా చెప్పె కదరా," అంది.

"నువ్వు గమ్మునుండుమా. ఈడనే ఉంటే గంటలో బెంగళూరు. యాడ కర్నూలు, యాడ బెంగళూరు?"

ఈలోగా పరామర్శలు మొదలయ్యాయి. మన సీమలో జబ్బు చేసిన మనిషిని చూడకుండా ఊరు దాటనిస్తే అది చూడనివాళ్ళకు జన్మంతా మిగిలిపోయే నింద. కాబట్టి అందరూ వచ్చారు. బత్తాయిలు తెచ్చారు, హార్లిక్స్ సీసాలు తెచ్చారు. ఒక్కొక్కరే బొలెరోలోకి తల దూర్చి ఒకే ప్రశ్న అడిగారు.

"ఏమప్పా ఓబులేసూ, నన్ను గుర్తుపట్టినావా? నేనెవురో చెప్పు సూద్దాం!"

ఓబులేసు ప్రతి ఒక్కరినీ గుర్తుపట్టాడు. ఎవరు ఏ తగవులో అబద్ధం చెప్పారో కూడా గుర్తుంది. చెప్పడానికి నోరే లేదు. చెప్పలేకపోయేసరికి "అయ్యో, గుర్తుపట్టల్యా" అని బయటికెళ్ళి కళ్ళొత్తుకున్నారు. పరీక్షలో తప్పిన పిల్లవాడిలా పడుకుని ఉండడం ఆయనకు ఆ వయసులో మొదటిసారి.

ఇక ఓర్చుకోలేక ఎడమచెయ్యి ఎత్తి రోడ్డువైపు చూపించాడు. కర్నూలు రోడ్డు. అంతకన్నా విడమరచి ఏ మనిషి చెప్పగలడు? కానీ మన జనం తెలివి మీకు తెలియంది కాదు. ఒకాయన ఆ ప్రాంతపు నాయకుడిని తలచుకుని "పెద్దాయన ఇంగా రాలేదా అంటాండాడు" అన్నాడు. ఇంకొకాయన "కంబన్న వచ్చి చూసినాడా లేదా అని అడుగుతాండాడు" అన్నాడు. కొడుక్కి మాత్రం తండ్రి తనను ఆశీర్వదిస్తున్నట్టు కనిపించింది. దండం పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు.

"కర్నూలుకు పోదామంటాండాడురా మీ నాయన!" అంది రాజ్యలక్ష్మమ్మ.

ముప్పై ఏళ్ళు కాపురం చేసిన ఆడదానికి మొగుడి చెయ్యి అర్థమవుతుందని ఎవరు నమ్ముతారు? ఎవరూ నమ్మలేదు.

హెలికాప్టర్ చెప్పిన గంటకు రాలేదు. రాకపోవడమే మంచిదైందని సంతోషించారు, ఎందుకంటే రాహుకాలం నడుస్తోంది. పైగా పెద్దాయన ఇంకా రాలేదు. పెద్దాయనంటే మామూలు నాయకుడా! ఆయన వచ్చి చూసి, ఒక మాట చెప్పి, చెయ్యి ఊపి సాగనంపకపోతే అది ఏం ప్రయాణం? 'దారిలో ఉండాను, పంపించాకండి' అని ఫోను చేశాడు. పంపించలేదు. మన క్రమశిక్షణ అలాంటిది.

కృపమణి రెండుసార్లు వచ్చి వాచీ చూసుకుంది. రెండోసారి గొంతు పెంచింది. "అన్నా, ఇప్పుడు బయల్దేరినా అందుకోవచ్చు. మీ కాళ్ళు మొక్కుతా, పోండి." ఇంత చిన్న వయసులో ఇంత తొందరేమిటని అంతా జాలిపడ్డారు.

ఎండ నడినెత్తికొచ్చాక ఆకాశంలో శబ్దం వినిపించింది. వచ్చిందయ్యా వచ్చింది! జనం ఒక్కసారి ఈలలు వేశారు. అంత నీళ్ళు పోసినా దుమ్ము లేవనే లేచింది. జనం కోసం వేసిన షామియానా ఎగిరి బడి గోడకు చుట్టుకుంది. హెలికాప్టర్ ముగ్గు మధ్యలో దిగింది. కంబన్న కూడా వచ్చి దూరంగా నిలబడి చూశాడు. రాఘవేంద్రప్రసాద్ ఛాతీ ఎంత పొంగిందో నేను చెప్పలేను.

తలుపు తీశారు. లోపల నాలుగు సీట్లున్నాయి. సీట్ల కింద బంతిరేకులు ఉన్నాయి, ముందురోజు ఎక్కడో ఏదో పెళ్ళిలో చల్లగా మిగిలినవి. మంచం లేదు, ఆక్సిజన్ లేదు, డాక్టర్ లేడు. దానిలోనే వచ్చిన సుధీర్ నల్లకళ్ళద్దాలతో కిందికి దిగాడు.

"ఇదేందప్పా? ఎయిర్ అంబులెన్స్ కదా నేను చెప్పింది?" అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

"గాల్లో పోతాది కదన్నా! పేషెంటు ఎక్కితే అదే ఎయిర్ అంబులెన్స్."

నేను ఎన్నో నిర్వచనాలు చదివాను గానీ ఇంత స్పష్టమైనది చూడలేదు. పైలట్ మాత్రం హిందీలో ఒకటే మాట పట్టుకున్నాడు. మనిషి కూర్చోవాలి, బెల్టు పెట్టుకోవాలి, పడుకోవడం కుదరదు. నలుగురు కలిసి ఓబులేసును ఎత్తి కూర్చోబెట్టారు. కుడివైపుకు ఒరిగిపోయాడు. మళ్ళీ కూర్చోబెట్టారు, మళ్ళీ ఒరిగాడు. తువ్వాలుతో సీటుకు కట్టేద్దామని ఒకాయన సలహా ఇచ్చాడు. నోటివెంట చొంగ కారుతుంటే ఊరి ముందు, దాయాది ముందు, మిల్లు హమాలీల ముందు ఓబులేసు బస్తాలా అటూ ఇటూ వాలాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హెలికాప్టర్ గాలికి దుమ్ము పడిందనుకున్నారు.

"దించండి! దోవలో ఏమన్నా అయితే ఎవురు చూస్తారు?" అని కృపమణి అడ్డం నిలబడింది. దించి మళ్ళీ బొలెరోలో పడుకోబెట్టారు.

సరిగ్గా అప్పుడే పెద్దాయన కార్లు వచ్చాయి. దిగి ఓబులేసు చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నది కుడిచెయ్యి, కాబట్టి ఓబులేసుకు ఆ స్పర్శ తెలియలేదు. పెద్దాయన విషయమంతా విన్నాడు, గంభీరంగా తల పంకించాడు, తర్వాత హెలికాప్టర్ వైపు చూశాడు.

"రోగం మనిషిని రోడ్డు మీదనే తీస్కపోండి. కుదుపుల్లేకుండా పోతాది బొలెరో. ఇది మాత్రం ఖాళీగా వెనక్కి పంపాకండి, మంచిది కాదు. నేను వేంపల్లెలో పెండ్లికి పోవల్ల. ఎట్లాగూ వచ్చిందే కదా."

చూశారా త్యాగం! ఖాళీ హెలికాప్టర్ వల్ల కలిగే అరిష్టమంతా తన మీద వేసుకున్నాడు. అనుచరులు ఇద్దరు ఎక్కారు, ఆయన ఎక్కాడు. అందరూ దండాలు పెట్టారు. అది లేచేదాకా బండ్లేవీ కదలకూడదని పోలీసు చెప్పడంతో బొలెరో కూడా ఆగింది.

హెలికాప్టర్ లేవబోతూ తలుపు వేసేలోపే లోపలి బంతిరేకులు గాలికి బయటికొచ్చాయి. అన్నీ వచ్చి తెరిచి ఉన్న బొలెరోలో ఓబులేసు మీద పడ్డాయి. ముఖం మీద, ఛాతీ మీద, పరుపు మీద. జనంలో కొందరు తెలియకుండానే చెప్పులు విడిచి చేతులు జోడించారు. ఓబులేసు పడుకుని అది కూడా చూశాడు.

రాజ్యలక్ష్మమ్మ రెండు చేతులతో రేకులన్నీ దులిపేసింది. "ఇంగా బతికే ఉండాడురా! చేతులు దించండిరా!" అని అరిచింది. ఆ గొంతు అచ్చం ఓబులేసు గొంతులా ఉందని చాలామంది తర్వాత చెప్పుకున్నారు. "అయ్యన్నా, పోనీప్పా బండి!"

అయ్యన్న పోనిచ్చాడు. కానీ హెలికాప్టర్ చూడడానికి వచ్చిన ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు అన్నీ తిరుగుముఖం పట్టింది ఆ రోడ్డు మీదనే. అందరూ దారిలో బొలెరోను గుర్తుపట్టారు, అందరూ ఆపి అద్దంలోంచి తొంగిచూశారు.

కర్నూల్లో పెద్ద డాక్టర్ స్కానింగ్ చూశాడు. ఎప్పుడు మొదలైందని అడిగాడు. అయ్యన్న లారీవాడి ఫోను సంగతి చెప్పి, టైము చెప్పాడు. డాక్టర్ చేతిలోని సూది మందు పెట్టెను మళ్ళీ నర్సుకు ఇచ్చేశాడు.

"టైము దాటిపోయిందప్పా. ఇప్పుడు ఇది ఏస్తే తలలో రక్తం కారి మనిషే పోతాడు. కొంచెం ముందు తెచ్చింటే..."

మిగతా మాట ఆయన అనలేదు. అనాల్సిన పనీ లేదు, ఓబులేసుకు చెవులున్నాయి.

ఇప్పుడు నన్ను విమర్శించేవాళ్ళను ఒక్కటే అడుగుతాను. ఓబులేసు పోయాడా? పోలేదు! నిక్షేపంగా ఉన్నాడు. మాట లేదు, కుడిచెయ్యి లేదు, నలుగురు పట్టుకుంటే గానీ నడవలేడు, అంతే. మిల్లు ప్రశాంతంగా ఉంది. ఎదురు ఆసుపత్రిలో పసిబిడ్డలు హాయిగా నిద్రపోతున్నారు. ఊరి తగవులు ఇప్పుడు ఎవరి ఇంట్లో వాళ్ళే తన్నుకుని తీర్చుకుంటున్నారు. ఇంతకన్నా ఏం కావాలి?

అంతటితో ఆగిపోలేదు. తండ్రి కోసం ఊరికి హెలికాప్టర్ దింపిన తొలి కొడుకుగా రాఘవేంద్రప్రసాద్‌కు ఆ తర్వాత సన్మానం చేశారు. వేదిక ఆసుపత్రి ఆవరణలోనే. పెద్దాయన వచ్చాడు. ఓబులేసును కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఆ రోజు హెలికాప్టర్ దిగడానికి సరైన జాగా లేకనే ఇంత కష్టం వచ్చిందని పెద్దాయన కనిపెట్టాడు. కరిదొడ్డికి శాశ్వత హెలిప్యాడ్ కట్టిస్తానని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి.

ఆడవాళ్ళ వరసలోంచి రాజ్యలక్ష్మమ్మ లేచింది. ఆమె సభలో మాట్లాడడం ఎవరూ ఎరగరు.

"హెలిప్యాడ్ వద్దు నాయనా," అంది. "మా ఆయన ఆ పొద్దు ఆసుపత్రికి ఆలీసంగా రాల్యా. అందరికన్నా ముందే వచ్చినాడు. రోడ్డు దాటితే వచ్చె. ఈడ ఆ మిషనొకటి, దాన్ని చూసే మనిషొకడు, ఆ సూదొకటి ఉండింటే సాలు. ఈ పొద్దు ఆయనే లేచి మీకందరికీ బుద్ధి చెప్పేవాడు."

ఆ మాట నిజమని చెప్పడానికి డాక్టరమ్మ కృపమణి అక్కడ లేదు, ఆ మధ్యే దూరంగా ఎక్కడికో బదిలీ చేశారు. ఇంత చిన్న కోరికలు కోరే మనుషులతో అభివృద్ధి ఎలా సాధ్యం చెప్పండి? దుఃఖంలో ఏదో మాట్లాడుతోందని ఆమెను మెల్లగా కూర్చోబెట్టారు. మంచినీళ్ళిచ్చారు.

హెలిప్యాడ్‌కు శంకుస్థాపన అక్కడికక్కడే జరిగిపోయింది. జాగా వెతుక్కోనక్కర్లేకపోయింది. స్కానింగ్ గది కడతామని ఏనాడో చదును చేసి వదిలేసిన జాగా ఆసుపత్రి పక్కనే ఉంది.

ఊరి పెద్ద కదా అని కొబ్బరికాయ ఓబులేసు ముందు పెట్టారు. ఆయన చాలాసేపు దానివైపు చూసి ఎడమచెయ్యి చాపాడు. ఎడమచేత్తో శుభకార్యం చేయకూడదన్నారు. కాయ లాక్కుని, ఆయన తరఫున కొడుకు కొట్టాడు.